ఎర్ర బటన్‌కు పసుపు దారం

కొత్తవాడ, వరంగల్
బోనాలు అయిన వారం

యాకయ్య బావకు, నీ బామ్మర్ది కట్టయ్య రాసేది.

ఫోన్ చేద్దామంటే నీతో అయ్యే పని కాదు. రాళ్లు కోసే మిషన్ల పక్కన ఏళ్లకేళ్లు నిలబడి, రెండు చెవులూ గ్రానైటు యార్డుకే ఇచ్చేసి, స్టేషన్ ఘన్‌పూర్ పోయి కూర్చున్నావు. మొన్న నేను గొంతు చించుకుంటే "రాంగ్ నంబర్" అని పెట్టేశావు. వెనక నుంచి మా అక్క "అది మా కట్టయ్య గొంతే" అనడం నాకు వినబడింది, నీకు వినబడలేదు. అందుకే కాగితం. అక్కకు చూపించకు, నువ్వే చదువుకో.

సంగతేమిటంటే, నా మెడలోంచి రిమోట్ తీసేశారు.

నువ్వున్నప్పుడు క్రేనుకు తీగతో వేలాడే డబ్బా ఉండేది కదా. దాన్ని పట్టుకుని కట్టేసిన బర్రెలా క్రేను వెంట నడిచేవాడివి. ఇప్పుడా తీగ లేదు. బడి పిల్లల టిఫిన్ డబ్బా అంత రిమోట్, పట్టీతో మెడలో వేసుకుంటాం. పైకి, కిందికి, ముందుకు, వెనక్కి, అన్నీ బటన్లే. అన్నిటికన్నా పైన ఒక ఎర్ర బటన్, పుట్టగొడుగు తలలా ఉంటుంది. ఏదైనా తేడా వస్తే దాన్ని గుద్దాలి. క్రేను ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అంటే నేను యార్డులో ఎక్కడ నిలబడైనా క్రేను నడపొచ్చు. నిలబెట్టిన గ్రానైటు స్లాబుల చాటున నిలబడి కూడా. నాలాంటివాడికి చాటు చూపించడం ఎవరి తప్పు బావా? నాది కాదు.

మేనేజర్ రాజేశ్వర్ రావు సారు తన టిఫిన్ గిన్నెలు ఆఫీసు ముందర బల్ల మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయాడు. నేను ముందే కొక్కేనికి ఒక బైండింగ్ వైరు వంచి తగిలించి ఉంచాను. పెళ్లికూతురిని పీటల మీదికి తెచ్చినంత మెల్లగా క్రేనును తెచ్చి, గిన్నెల పిడి అందుకుని, ఇద్దరు మనుషుల ఎత్తుకు లేపాను. సారు వచ్చి బల్ల మీద చూశాడు. బల్ల కింద చూశాడు. పక్కనే పడుకున్న కుక్క మూతి వాసన చూశాడు. అప్పుడు ఆయన బట్టతల మీద ఒక చుక్క పప్పుచారు పడింది.

యార్డంతా నవ్వింది. స్లాబులు కడిగే సోమక్క నీళ్ల పైపు వదిలేసి నేల మీద కూర్చుని మరీ నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. తల తుడుచుకుని వచ్చి నా మెడలో పట్టీ తీశాడు.

"కట్టయ్యా, దసరా దాక నువ్వు రిమోట్ ముట్టద్దు. కింద ఉండి రాళ్లకు కొక్కెం తగిలియ్యి. గీ నడుమ ఒక్క ఏషం కూడ ఎయ్యకపోతే పండుగ తెల్లారి నీకే ఇస్త. ఏసినవనుకో, ఇగ జన్మల ఇయ్య."

"మాట్లాడుడు కూడ ఏషమేనా సార్?"

"నువ్వు మాట్లాడితే ఏషమే."

ఇదీ నా గతి. నేను నేర్చిన పని అదొక్కటే, అదీ నీ చేత మొట్టికాయలు తిని నేర్చింది. వాడలో నన్ను క్రేను కట్టయ్య అంటారు. రేపటి నుంచి కొక్కెం కట్టయ్య అంటారు. దసరా దాకా నేను బుద్ధిగా ఉండగలనా? నిజం చెప్పు, నవ్వకుండా చెప్పు.

నోరు కుట్టుకున్న
కట్టయ్య


స్టేషన్ ఘన్‌పూర్
గురువారం

కట్టయ్యకు,

నీ ఉత్తరం మీ అక్కే ముందు విప్పింది. చదివి కడుపు పట్టుకుని నవ్వుతూ నా చేతికిచ్చింది కాబట్టి మంచి వార్తేమో అనుకున్నాను.

మనిషి తల మీదుగా కొక్కెం తేవద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను? గిన్నెలైనా రాయైనా, తెగితే కిందికే వస్తుంది. పప్పుచారు కాబట్టి సరిపోయింది. ఆ సారు మంచివాడు. నేనైతే నిన్ను గేటు బయట నిలబెట్టేవాణ్ణి.

బర్రెలా నడిచేవాడినన్నావు. అవును, క్రేను వెంట నడిచాను కాబట్టే రాయి ఎటు పోతుందో, దాని ముందర ఎవరున్నారో నాకు కనబడేది. మీకు తీగ లేదు. చాటున నిలబడితే ఏం కనబడుతుంది? ఎదుటివాడి బట్టతల తప్ప.

బుద్ధిగా ఉండగలవా అని అడిగావు. నవ్వకుండా చెబుతున్నాను, ఉండలేవు. అయినా ఉండు. నీకు ఇంకో పని రాదు. రిమోట్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?

యాకయ్య

తమ్మీ, నేను అక్కను. ఆ సారు ఇంట్ల చారు చింతపండుదా, మామిడికాయదా? అంత ఎత్తుల నుంచి పడ్డా నెత్తి మీద మంట పుట్టలేదంటే ఆళ్లు కారం తక్కువ తింటరనుకుంట.


కొత్తవాడ, వరంగల్
ఎంగిలిపూల బతుకమ్మ నాడు

బావకు,

ముందుగా నీ అనుమానం తీరుస్తాను. బుద్ధిగానే ఉన్నాను. నమ్మకపోతే సారునే అడుగు. ఆయనకే నమ్మకం కలగక రోజూ తన టిఫిన్ గిన్నెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నాడు.

నా రిమోట్ ఇప్పుడు రమాకాంత్ మెడలో ఉంది. వర్ధన్నపేట మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. హైదరాబాదులో ఎక్కడో క్రేను నడిపి వచ్చాడు. నెమ్మదస్తుడు. పని చెడగొట్టడు, అదే నాకు బాధ. చెడగొట్టేవాడైతే నాలుగు మాటలు అనుకునేవాణ్ణి.

అతనికో పద్ధతి ఉంది. పొద్దున రాగానే క్రేనును ఖాళీగా కొంచెం నడిపిస్తాడు, ఎర్ర బటన్ గుద్దుతాడు, ఆగిందా లేదా చూస్తాడు. తర్వాత బటన్ తిప్పి పైకి లేపి పని మొదలుపెడతాడు. రోజూ ఇదే. దేవుడికి దండం పెట్టుకున్నట్టు.

మొదటిరోజు నేను చూస్తూ ఊరుకున్నాను. రెండోరోజు అతను బటన్ గుద్దగానే నేనూ ఆగిపోయాను. టీ గ్లాసు నోటి దగ్గర, ఒక కాలు గాల్లో, కన్ను ఆర్పకుండా. అతను బటన్ తిప్పేదాకా కదల్లేదు. తిప్పగానే టీ తాగాను. మర్నాడు సోమక్క కూడా పైపు పట్టుకుని ఆగింది. ఆ తర్వాత యార్డంతా ఆగడం మొదలుపెట్టింది బావా. బీడీ వెలిగించేవాడు వెలుగుతున్న అగ్గిపుల్ల పట్టుకుని ఆగి వేలు కాల్చుకున్నాడు. పాపం రమాకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

సారు నా దగ్గరికి వచ్చాడు. "ఏందిది?"

"ఏషం కాదు సార్. ఎర్ర బటన్ గుద్దితే ఆగాలెనని మీరే బోర్డు రాసిన్రు. ఆగిన."

ఆయన పోయి బోర్డు ఇంకోసారి చదువుకుని ఆఫీసులోకి వెళ్లిపోయాడు. ఇది వేషం కింద రాదని నేనంటాను. నువ్వేమంటావు?

ఇప్పుడైతే ఆ సరదా పోయింది. సిగ్గుపడి రమాకాంత్ పొద్దున గుద్దడమే మానేశాడు. వస్తున్నాడు, పట్టీ వేసుకుంటున్నాడు, నేరుగా పని మొదలుపెడుతున్నాడు.

ఒక కోరిక. ఆయుధపూజ నాడు నువ్వు క్రేను డబ్బాకు అక్క పేనిన పసుపు దారం కట్టేవాడివి కదా. నువ్వు వెళ్లాక ఎవరూ కట్టడం లేదు. ఈసారి దారం పంపు. నా చేత్తో కడతాను. తెల్లారే రిమోట్ నాకు రావాలి, ఎందుకైనా మంచిది.

కట్టయ్య


స్టేషన్ ఘన్‌పూర్
సద్దుల బతుకమ్మ ముందర

కట్టయ్యకు,

దారం ఇందులోనే పెట్టాను. మీ అక్క కొత్త నూలు పోగులు కలిపి గట్టిగా పేనింది. పసుపు బాగా పట్టించింది, ఉత్తరానికి అంటితే నన్ననకు.

నేను నేర్పిన ముడి వెయ్యి. ఎవరెంత పీకినా బిగుస్తుంది, లోపలి కొస తెలిసినవాడు లాగితేనే ఊడుతుంది. నేను డబ్బా పైన తీగకు కట్టేవాణ్ణి. తీగ లేని రిమోట్‌కు ఎక్కడ కడతారో నాకు తెలియదు. చూసి కట్టు.

ఆ రమాకాంత్ జోలికి పోకు. అతని పద్ధతి అతనిది. మనం నవ్వితే మానుకున్నాడంటే నవ్వినవాళ్లదే తప్పు. నువ్వు చేసింది వేషమే. సారుకు మాట తోచక ఊరుకున్నాడు.

పండుగకు కల్లు తక్కువ తాగు.

యాకయ్య

తమ్మీ, దారం పేనుతాంటే మీ బావ పక్కన కూసోని క్రేను ముచ్చట్లే చెప్పిండు. మల్ల పనికి పోతడేమోనని నాకు ఫికరైంది. నువ్వు జర నీ రిమోట్ తెచ్చుకో, గా ముచ్చట్లు నీతోని చెప్పుకుంటడు.


కొత్తవాడ, వరంగల్
దసరా అయిన నాలుగో రోజు

బావకు, అక్కకు,

అందరం బాగున్నాం. ముందే రాస్తున్నాను, కంగారుపడొద్దు. ఎవరికీ దెబ్బ తగలలేదు.

పండుగ నాడు పూజ ఘనంగా చేశాం. క్రేను కాళ్లకు మామిడాకులు, కోత మిషనుకు గుమ్మడికాయ, రిమోట్‌కు పసుపు, కుంకుమ. సారు అందరికీ మిఠాయి పెట్టాడు. నాకు పెట్టేటప్పుడు "రేపు మద్యాన్నం దాక రమాకాంత్. గా తర్వాత నువ్వు. మాటంటే మాటే" అన్నాడు. నేను ఆయన కాళ్లు మొక్కబోయాను. ఏదో తగిలిస్తాడని భయపడి ఆయన వెనక్కి గెంతాడు.

తెల్లారి పని మొదలైంది. నేను ఒక స్లాబుకు కొక్కెం తగిలించాను. రమాకాంత్ దాన్ని లేపి ముందుకు నడిపించాడు. ఎదురుగా దూరాన సోమక్క ఇటు వీపు పెట్టి స్లాబులు కడుగుతోంది. ఎప్పుడూ ఆమెకు ఇవతల ఆపి దింపుతాం. అతను ముందుకు నడిపే బటన్ మీది వేలు తీశాడు. క్రేను ఆగలేదు. రాతిపొడి, నీళ్లు కలిసి జిగురయ్యాయో ఏమో, లోపలికి పోయిన బటన్ పైకి రాలేదు. క్రేను నడుస్తూనే ఉంది, స్లాబు దాని కింద ఊగుతూ సోమక్క వైపే పోతోంది.

రమాకాంత్ ఎర్ర బటన్ గుద్దాడు. అది దిగలేదు. మళ్లీ గుద్దాడు. అరచేత్తో గుద్దాడు.

నేను అరిచాను. "సోమక్కా, పక్కకు జరుగు. ఆపున్రి, ఎవడన్న మెయిన్ ఆపున్రి."

కోత మిషను మోతలో ఆమెకు వినబడలేదు. విన్నవాళ్లు ఏం చేశారో తెలుసా బావా? ఆగిపోయారు. చేతిలో పార ఉన్నవాడు పారతో, గంప ఉన్నవాడు గంపతో, కన్ను ఆర్పకుండా. నేను నేర్పిన ఆటే. ఒకడు పళ్లు బయటపెట్టి నవ్వుతూ మరీ ఆగాడు.

నేను సోమక్క వైపు ఉరికాను. స్లాబు నాకంటే ముందుంది.

అప్పుడు సారు ఆఫీసు ముందర టీ తాగుతున్నాడు. గ్లాసు ఎటో విసిరేసి, గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి గుంజాడు. అంతా చప్పబడింది. స్లాబు ఊగి ఊగి సోమక్క వీపుకు మూరెడు దూరంలో నిలబడింది. ఆమె తిరిగి చూసి, "గీడ వెట్టిన్రేంది? తడుస్తది, జర అవుతల వెట్టున్రి" అంది.

తర్వాత సారును అడిగాను. "నా మాట ఎట్ల నమ్మిన్రు సార్?"

"ఎవడు నమ్మిండు? నమ్మాల్నా వద్దా అని సోంచాయించే టైం లేకుండె. ముందుగాల ఆపిన. నువ్వు ఏషం ఏసినవని తేలితే తర్వాత తందామనుకున్న."

రిమోట్ చూస్తే, ఎర్ర బటన్ తల కింద ఎవరో దారం చుట్టారు. అడ్డం పడి బటన్ కిందికి దిగలేదు. ఎలక్ట్రీషియన్ అంటుకుపోయిన బటన్ కడిగి బాగుచేశాడు గానీ, ముడి విప్పుదామని ఎంత తంటాలు పడ్డా రాలేదు. కోస్తానంటే, యజమానికి చూపించాలని సారు రిమోట్‌ను అలాగే బీరువాలో పెట్టి క్రేను ఆపించాడు. చేతిలో పట్టుకున్నవాడు చూసుకోవాలి కదా అని రమాకాంత్‌నే పట్టుకున్నారు. పొద్దున బటన్ నొక్కి చూడలేదని కూడా అన్నారు. శనివారంతో అతని పని ఆఖరు. సోమవారం నుంచి రిమోట్ నాదే. సారు అందరి ముందరే చెప్పాడు.

అనుకున్నట్టే అయింది కదా బావా. రమాకాంత్ మధ్యాహ్నం అన్నం విప్పలేదు. స్లాబుల పక్కన కూర్చుని తన అరచేతినే చూసుకుంటున్నాడు. నేను పోయి ఒక జోకు చెప్పాను. నవ్వలేదు. జోకు కూడా అంత బాగాలేదు.

క్రేను కట్టయ్య


స్టేషన్ ఘన్‌పూర్
ఉత్తరం అందిన నాడే

కట్టయ్యకు,

పూజ ఎలా చేశారో రాశావు, మిఠాయి రాశావు. నేను పంపిన దారం ఎక్కడ కట్టావో రాయలేదు.

నాకు చెవులు పోయాయి కానీ కళ్లు పోలేదు. "ఎవరో" అన్న మాట దగ్గర నీ పెన్ను ఆగి ఇంకు ముద్ద కట్టింది. ఎలక్ట్రీషియన్‌కు విప్పరాని ముడి ఆ యార్డులో ఇద్దరికే వచ్చు. ఒకడిని నేను, ఇక్కడ ఉన్నాను.

నిన్ను తిట్టడానికి రాయడం లేదు. దారం నాది. తీగ లేని రిమోట్ సంగతి తెలియదని రాస్తూనే, తెలుసుకోకుండా పంపాను. కావాలంటే నా పేరు చెప్పు. ముసలివాడు పంపాడు, అక్కడే కట్టమన్నాడు అని చెప్పు. నన్ను తీసేయడానికి నాకు ఉద్యోగం లేదు. నీ రిమోట్ నీకే ఉంటుంది, అతని పని అతనికీ దొరకవచ్చు. ఏం చెప్పినా శనివారం లోపల చెప్పు.

ఈ ఉత్తరం ఘన్‌పూర్ బస్సులో తెలిసినవాళ్ల చేతికిచ్చి పంపుతున్నాను. పోస్టులో వేస్తే శనివారం దాటుతుంది.

మీ అక్క ఈసారి ఏమీ రాయనంది.

యాకయ్య


కొత్తవాడ, వరంగల్
ఆ పై ఆదివారం

బావా,

బస్సాయన ఉత్తరం శుక్రవారమే ఇచ్చాడు. రెండు పూటలు జేబులో పెట్టుకుని తిరిగాను. నీ పేరు చెప్పడం ఎంత సులువో కూడా లెక్క వేసుకున్నాను. నువ్వు దూరంగా ఉన్నావు, ఎవరైనా ఫోన్ చేసినా నీకు వినబడదు. అంత మంచి దొంగ నాకు మళ్లీ దొరకడు.

శనివారం పొద్దున సారు అందరినీ నిలబెట్టి రమాకాంత్‌కు ఏదో చెప్పబోతున్నాడు. నేను ముందుకు పోయాను.

"సార్, దారం నేనే కట్టిన. పూజప్పుడు, అందరు మిఠాయి కాడ ఉండంగ. పట్టీకి కడితే జారబట్టింది. బటన్ తల కింద మంచిగ కూసుంది, సక్కగ కూడ ఉండె. అది కింద దిగాల్నని నాకు సోయి లేదు. రమాకాంత్ రోజూ గుద్ది చూసెటోడు, నేనే ఎక్కిరించి మానిపిచ్చిన."

అందరూ నవ్వారు బావా. కడుపారా నవ్వారు.

సారు నవ్వలేదు గానీ, "కట్టయ్యా, ఇది కొత్త ఏషమా?" అన్నాడు.

రమాకాంత్ నా చెయ్యి పట్టుకున్నాడు. "నా కోసం అవద్ధం ఆడకన్నా. నీకు రిమోట్ వస్తాంది, తీస్కో."

సోమక్క కళ్లు తుడుచుకుని, "నువ్వు గింత మంచోడివని నాకు ఎర్కలేదురా" అంది. నలుగురు చప్పట్లు కూడా కొట్టారు. ఇన్నేళ్లు ఎన్ని అబద్ధాలు చెప్పాను, అన్నీ నమ్మారు. ఒక్క నిజం చెబితే నన్ను ధర్మరాజును చేసి కూర్చోబెట్టారు. నిజం చెబుతున్నాను, అక్కడ ఆగిపోదామా అని కూడా అనిపించింది. నేను చెప్పాను, వాళ్లు నమ్మలేదు, రిమోట్ నాకు, మంచిపేరూ నాకు. ఇంతకంటే ఏం కావాలి?

పక్కన రమాకాంత్ ఇంకా నా చెయ్యి వదల్లేదు. అరచెయ్యి వాచి ఉంది. ఆ రోజు గుద్దిన చెయ్యి.

"బీరువల నుంచి రిమోట్ తెప్పియ్యిన్రి సార్" అన్నాను.

తెచ్చారు. ముడి అలాగే ఉంది, పసుపు ఎండిపోయి రాయిలా అయింది. నేను లోపలి కొస వెతికి ఒక్కసారి లాగాను. దారం మొత్తం ఊడి నా చేతిలోకి వచ్చింది. ఎర్ర బటన్ నొక్కాను. టక్కున దిగింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ముడి ఎవలు నేర్పిన్రు?" అన్నాడు సారు.

"మా బావ. దారం కూడ బావదే. కట్టిన చెయ్యి నాది."

సారు రిమోట్ తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. నన్ను గేటు బయటికి పంపుతాడనుకున్నాను. పట్టీని రమాకాంత్ మెడలో వేశాడు.

"పని జేస్కో. పొద్దుగాల గుద్ది చూసుడు మానకు. ఎవడన్న నవ్వితే నా దగ్గరికి తోలు."

నా వైపు తిరిగి, "నువ్వు కొక్కెం కాడనే. దసరాకు కాదు, ఏ పండుగకూ అడుగకు" అన్నాడు. అడగనన్నాను. దాన్ని కూడా వేషమనుకుని ఉంటాడు.

నీ పేరు చెప్పనందుకు కోపం తెచ్చుకోకు. మంచి పేరు బావా, ఇంత చిన్న పనికి ఎందుకు వాడడం?

ఇక నుంచి నా పని ఇది. రాయికి కొక్కెం తగిలించి, దూరం జరిగి, రమాకాంత్‌కు కనబడేలా నిలబడాలి. వేలు పైకి చూపితే లేపుతాడు. చెయ్యి అడ్డంగా ఊపితే నడిపిస్తాడు. అరచెయ్యి ఎత్తితే ఆపుతాడు. నా మొఖం వైపు చూడడు, చేతినే చూస్తాడు. నవ్వుతున్నానా లేదా అని కూడా చూడడు.

శనివారం సాయంత్రమే ఒకటి జరిగింది. పెద్ద స్లాబు గాల్లో ఉంది. రాతిపొడి ముక్కులోకి పోయి నాకు తుమ్ము వచ్చింది. చెయ్యి దానంతటదే లేచింది. క్రేను వెంటనే ఆగింది. యార్డంతా నా వైపు చూసింది. రమాకాంత్ ఏమైందని అడగలేదు. బటన్ మీద వేలు తీసి, స్లాబు ఊగడం ఆగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నాకు రాని అబద్ధం లేదని నీకు తెలుసు.

"తుమ్మిన" అన్నాను.

"సరే అన్నా" అన్నాడు. నేను మళ్లీ చెయ్యి చూపేదాకా ఆగి, అప్పుడు కదిలించాడు.

నీ బామ్మర్ది
కట్టయ్య